బొంతల గ్రూపూ, పులి దుప్పటీ

ఈ ఆదివారం మా ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు: నాన్న, నాయనమ్మ, నేను, అమ్మ, అమ్మ ఫోనులో నాలుగు వేల మూడు వందల పన్నెండు మంది.

ఉన్నవి మూడే గదులు. అయినా ఇరుకనిపించలేదు. ఆ నాలుగు వేల మందీ అమ్మతో పాటు కుట్టుగదిలో సర్దుకుపోయారు. మిగిలిన ముగ్గురం ముందుగదిలో విశాలంగా కూర్చున్నాం, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ.

ఆన్‌లైన్ గ్రూపులు సంసారాలను పాడు చేస్తున్నాయని ఈమధ్య అందరూ తెగ బాధపడిపోతున్నారు. నేను ఒప్పుకోను. అమ్మ అన్నాక ఒక బొంతల గ్రూపులో ఉండి తీరాలి! లేకపోతే పట్టుబట్టి చేర్పించాలి! దాని లాభాలన్నీ స్వయంగా అనుభవించాను కాబట్టే ఇంత ధైర్యంగా చెబుతున్నాను.

బొంత అంటే మీకు తెలుసు. పాత బట్టలను ముక్కలు చేసి, ఆ ముక్కలను ఒకదానికొకటి కలిపి కుట్టి, మధ్యలో దూది పొర, అడుగున ఇంకో గుడ్డ వేస్తే బొంత. అది కప్పుకుని పడుకోవడానికి పనికొస్తుందని మా నాయనమ్మ లాంటివాళ్ళకు ఒక మూఢనమ్మకం. అమ్మ గ్రూపులో చేరాక మా ఇంటిల్లిపాదికీ జ్ఞానోదయమైంది. బొంత ఉన్నది ఫోటో తీయడానికి! కప్పుకుంటే మడత పడుతుంది, ఉతికితే రంగు దిగుతుంది, ముట్టుకుంటే మరకవుతుంది. మా బీరువాలో ఇప్పుడు పదకొండు బొంతలున్నాయి. ఒక్కోటీ ఒక్కో ప్లాస్టిక్ సంచిలో, నాలుగేసి కలరా ఉండల మధ్య, కంటి మీద కునుకు లేకుండా కాపలాలో ఉన్నాయి.

నాయనమ్మకు ఒక సొంత బొంత ఉండేది. ముప్ఫై ఏళ్ళ కిందట తన చేత్తో కుట్టుకున్నది. అమ్మ సరదాకి దాని ఫోటో పెట్టింది. గ్రూపు గగ్గోలు పెట్టింది. "అయ్యో, ఇంత పాత పనితనాన్ని కప్పుకుంటున్నారా! వెంటనే గోడకు తగిలించండి!" అని అడ్మిన్ పెద్దక్క ఆజ్ఞాపించింది. సాయంత్రానికి రెండు మేకులు దిగాయి.

"నా బొంతేదమ్మా?" అంది నాయనమ్మ, పడుకోబోతూ.

"గోడకుంది అత్తయ్యా. దానికి ఎన్ని లైకులొచ్చాయో తెలుసా?"

"గోడకు చలేస్తోందా?"

పెద్దవాళ్ళకు కళాదృష్టి తక్కువ. అమ్మ పట్టించుకోలేదు. మా గోడకు మాత్రం ఆ రోజు నుంచి జలుబు చేయలేదు.

నాన్న సంగతికొద్దాం. ఆయన బడి బస్సు నడుపుతాడు. రెండు జతల ఖాకీ యూనిఫారం ఉండేది. "ఖాకీ ముక్క ఎవరి దగ్గరా లేదండీ, గ్రూపంతా వెతుకుతోంది" అంటూ అమ్మ ఒక చొక్కాకు చెయ్యి కత్తిరించేసింది. నాన్న ఆ చొక్కా తొడుక్కుని, అద్దంలో చూసుకున్నాడు. "కిటికీ వైపు చెయ్యేగా. గాలి బాగా తగుల్తుందిలే" అన్నాడు. భార్యాభర్తల మధ్య ఇంత అవగాహన గ్రూపు లేని ఇళ్ళలో ఉంటుందా? ఏదీ, మీ గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి!

ఆరోగ్యం కూడా మెరుగైంది. మధ్యాహ్నం ఒంటిగంటకు మా భోజనాల బల్ల మీద కిటికీలోంచి మంచి వెలుతురు పడుతుంది. ఆ వెలుతురులోనే రంగులు ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయట. అందుకని సరిగ్గా భోజనాల వేళకు అమ్మ బల్ల మీద బొంత పరుస్తుంది. మేం పళ్ళాలు చేత్తో పట్టుకుని నిలబడి తింటాం. ఒంగి తింటే నీడ పడుతుంది కాబట్టి ఒంగం. పొయ్యి మీద కూర మాడిన రోజుల్లో అదీ తినం. మా ఇంట్లో ఊబకాయం అన్న మాటే లేదు.

ఇక నా జ్వరం విషయం. పోయిన వానాకాలం రెండు రోజులు మూల మంచం మీద ముసుగుతన్ని పడుకున్నాను. నాయనమ్మ చెప్పిందట గానీ, మిషను చప్పుడులో అమ్మకు వినపడలేదట. మూడో రోజు అమ్మ నా కాళ్ళ దగ్గర ఒక కొత్త బొంత పరిచి, ఫోటో తీసి, గ్రూపులో పెట్టింది. అయిదు నిమిషాల్లో ఎక్కడో ఉన్న ఒక పళ్ళ డాక్టరమ్మ రాసింది: "అంచు కుట్టు అద్భుతం. వెనకాల పాప కళ్ళు ఎర్రగా ఉన్నాయి, జ్వరమేమో చూడండి."

అమ్మ పరుగెత్తుకొచ్చింది. నా నుదుటి మీద చెయ్యి వేసింది. "ఒళ్ళు కాలిపోతోందే! చెప్పవేమే?" అని గుడ్లనీరు కుక్కుకుంది.

చూశారా? గ్రూపు లేకపోతే మా ఇంట్లో నాకు జ్వరం వచ్చిన సంగతి మా అమ్మకు తెలిసేదేనా?

ఇన్ని లాభాలు అందుకున్న నేను ఈ ఆదివారం ఒక చిన్న అత్యాశకు పోయాను. అదే చెప్పబోతున్నాను.

మా ఊరి బడి పదో తరగతితో ఆఖరు. పై చదువుకు నన్ను దూరంగా హాస్టల్లో వేస్తున్నారు. సోమవారం పొద్దున్నే ప్రయాణం. హాస్టల్ వాళ్ళు ఏమేం తెచ్చుకోవాలో ఒక జాబితా పంపారు. పెట్టె, పళ్ళెం, గ్లాసు, బకెట్టు. ఆఖరున "కప్పుకోవడానికి బొంత లేదా దుప్పటి".

బొంత! పదకొండు బొంతలున్న ఇంటి పిల్లను. ఆ మాట చదవగానే నాకు ఎంత గర్వం వేసిందో!

నెల కిందట హాస్టల్ ఫారం మీద సంతకానికి వెళ్ళినప్పుడే అడుగుదామనుకున్నాను. అమ్మ పెదాల మధ్య నాలుగు గుండుసూదులున్నాయి. అంచేత "ఊఁ" అనడం తప్ప ఇంకేమీ కుదరదు. కాగితం వైపు చూడకుండానే, చేతిలో ఉన్న సుద్దతో సంతకం పెట్టేసింది. గుడ్డ మీద గీతలు గీసుకునే సుద్ద. నేను ఊదితే సంతకం ఎగిరిపోయింది. రెండోసారి పెన్ను చేతికిచ్చి, ఎక్కడ పెట్టాలో వేలు పెట్టి చూపించాను. పెట్టింది. అది ఏ ఊరో, ఏ హాస్టలో చదవలేదు. కూతురి మీద అంత నమ్మకం!

ఈ ఆదివారం మళ్ళీ వెళ్ళాను. తలుపు ఓరగా తీశాను.

"అమ్మా, హాస్టల్‌కి బొంత..."

"బీరువా జోలికి పోకు! అవన్నీ గ్రూపు ఛాలెంజ్‌లో పోటీకి పెట్టినవి. నాన్న నీకు దుప్పటి తెచ్చారుగా?"

తెచ్చాడు. బజారు దుప్పటి. దాని మీద నిలువెత్తు పులి. అచ్చు వేసినవాడు ఏ ధ్యాసలో ఉన్నాడో, పులికి మెల్లకన్ను వచ్చింది. ఒక కన్ను నన్ను చూస్తుంటే ఇంకోటి తలుపు వైపు చూస్తోంది.

"అది కప్పుకుని పడుకుంటే దొంగలు రారే" అని నాయనమ్మ ధైర్యం చెప్పింది. తర్వాత గోడ వైపు చూసి, గొంతు తగ్గించి, "మేకులు పీకి నాది ఇచ్చేయనా?" అంది.

వద్దన్నాను. నాకు బొంత కావాలి గానీ, నాయనమ్మది కాదు. అమ్మ కుట్టింది కావాలి. నా కోసమని కుట్టింది. ఆ మాట అమ్మతోనే అనొచ్చు కదా అని మీరు అడుగుతారు. నిజమే. బడిలో హాజరు పిలిస్తే "ఉన్నాను" అనడానికే నాకు గొంతు పెగిలేది కాదు. ఎదురుగా నిలబడి "నాకో బొంత కుట్టవా అమ్మా" అనడం నా వల్ల అయ్యే పనేనా?

అందుకని నాన్న ఫోను తీసుకుని నేను కూడా ఆ గ్రూపులో చేరాను. ఏ పేరైనా పెట్టుకోవచ్చు అక్కడ. "తెగిన దారం" అని పెట్టుకున్నాను. కాస్త ఎక్కువైందేమో గానీ, ఆ సమయానికి సరిపోయింది. ఇలా రాశాను:

"మా అమ్మ బొంతలు చాలా బాగా కుడుతుంది. నాకు మాత్రం ఒక్కటీ కుట్టలేదు. రేపు హాస్టల్‌కి వెళ్ళిపోతున్నాను."

గోడ అవతల మిషను ఆగిపోయింది.

మీకు అర్థం కాలేదనుకుంటాను. మిషను ఆగింది! నాన్న చొక్కాకు ఆగనిది, కూర మాడితే ఆగనిది, నాయనమ్మ పిలిస్తే ఆగనిది! నేను రాసిన మూడు వాక్యాలకు ఆగింది!

అందరికన్నా ముందు జవాబిచ్చింది అమ్మే. గ్రూపులో ఆవిడ పేరు "బొంతలమ్మ".

"ఏ తల్లమ్మా అది? కడుపున పుట్టిన పిల్లకు ఒక్క బొంత కుట్టలేనప్పుడు ఆవిడకు సూదెందుకు, దారమెందుకు?"

దాని కింద రెండు వందల మంది చప్పట్లు కొట్టారు. పెద్దక్క "అలాంటివాళ్ళను గ్రూపులోంచి తీసేయాలి" అని తీర్పు చెప్పింది. అమ్మ ఆ తీర్పుకు కూడా లైకు కొట్టింది.

తర్వాత నాకు విడిగా రాసింది. "బంగారు తల్లీ, ఏడవకు. నేను కుట్టి పంపిస్తాను. నీకు ఏ రంగు ఇష్టం?"

పదిహేనేళ్ళుగా మా ఇంట్లో నా రంగు గులాబీ. గౌన్లు గులాబీ, రిబ్బన్లు గులాబీ, బకెట్టు కూడా గులాబీయే. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

"ఆకుపచ్చ" అని రాశాను.

"ఎత్తెంత ఉంటావు?"

"అయిదడుగులకు కొంచెం తక్కువ."

"మా అమ్మాయంత అన్నమాట. ఎక్కడికి పంపాలో రాయి తల్లీ."

హాస్టల్ అడ్రసు రాశాను. అమ్మ ఒక్క చూపు చూస్తే ఇక దాక్కునేదేమీ ఉండదు. తన సంతకం ఉన్న కాగితం మీది అడ్రసే కదా!

"అబ్బో, చాలా దూరమే! ఎల్లుండి పోస్టులో వేస్తాను" అని రాసింది. బాధ్యత గల తల్లి!

అయిపోయిందనుకున్నాను. ఇంతలో ఇంకోటి వచ్చింది.

"మా అమ్మాయి కూడా రేపు హాస్టల్‌కి వెళ్తోంది. నీలా ఇలా మనసులో మాట చెప్పేస్తే ఎంత బాగుండును! నాతో ఏదీ చెప్పదు. అడిగితే తల దించుకుంటుంది. వెళ్తోందని ఏడుపొస్తోంది. దాని ఎదుట ఏడిస్తే బెంగ పెట్టుకుంటుందని తలుపేసుకుని కుట్టుకుంటున్నాను."

పాఠకులారా, నవ్వవలసిన చోటు ఇదే. నేను కూడా నవ్వడానికి గట్టి ప్రయత్నమే చేశాను. నాయనమ్మ "ఏమైందే?" అంది. "పులి కన్ను చూస్తున్నాను" అన్నాను.

లేచాను. చెప్పేద్దామనుకున్నాను. "అమ్మా, అది నేనే." మొత్తం మూడు మాటలు. హాజరు పలకడం కంటే రెండే ఎక్కువ. లోలోపల రెండుసార్లు అనుకుంటూ వెళ్ళి తలుపు తట్టాను.

తలుపు తనంతట తనే తెరుచుకుంది. అంటే అమ్మే తీసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మెడలో టేపు వేలాడుతోంది. వెనకాల బల్ల మీద ఆకుపచ్చ చీర ఒకటి పరిచి ఉంది. అప్పటికే సగం ముక్కలైంది. దాన్ని గుర్తుపట్టాను. చిన్నప్పుడు నేను పట్టుకు వేలాడిన కొంగు అదే. నా ముక్కు తుడిచింది కూడా దాంతోనే. ఎన్ని ఛాలెంజ్‌లొచ్చినా అమ్మ ఆ చీర మీద కత్తెర పెట్టలేదు.

"సమయానికొచ్చావు. లోపలికి రా! గ్రూపులో ఒక పిల్ల ఉందే, పాపం, నీ ఎత్తేనట. తిన్నగా నిలబడు."

నిలబడ్డాను. అమ్మ టేపు కొస నా భుజం మీద పెట్టి, రెండో చేత్తో మడమ దాకా లాగింది. తర్వాత నా చేతులు చాపించి ఈ కొస నుంచి ఆ కొసకు కొలిచింది. వెనక్కి తిప్పింది. మళ్ళీ ముందుకు తిప్పింది. చెంప మీద పడ్డ జుట్టు చెవి వెనక్కి తోసింది. ఆ కొలత బొంతకు ఎందుకో నాకు తెలియదు. అడగలేదు.

"ఎప్పుడు ఇంత పొడుగయ్యావే?" అంది.

ఆన్‌లైన్ గ్రూపులు తల్లీపిల్లలను విడదీస్తాయని ఇంకా ఎవరైనా అంటారా? ఏడాదిగా మా అమ్మ నన్ను ఇంతసేపు ముట్టుకోలేదు. ఊరూ పేరూ తెలియని పిల్ల అడ్డం పడబట్టి ముట్టుకుంది!

"అమ్మా, అది..." అన్నాను.

రెండు మాటలు వచ్చేశాయి. మూడోది గొంతు దాకా వచ్చింది.

"తర్వాత చెబుదువు గానీ. ఈ ముక్కలన్నీ ఇవాళే కలపాలి. పాపం, ఆ పిల్ల గోడు వినడానికి ఇంట్లో ఎవరూ లేరటే!" అంటూ అమ్మ నా భుజాలు పట్టుకుని మెల్లగా గుమ్మం బయటకు తిప్పింది. "నువ్వెళ్ళి పెట్టె సర్దుకో. పులి దుప్పటి మర్చిపోయేవు!"

తలుపేసేసుకుంది.