పులిసిన ఇప్పపువ్వు, ముసలి గాడిద మైలేజీ

ఒక పెద్ద అడవిలో బరువులన్నీ గాడిదలే మోసేవి. వాటి మేత మాత్రం పక్క అడవి నుంచి వచ్చేది. ఒక మోపు గడ్డి తింటే గాడిద ఏటి నుంచి కొండ మీదికి ఐదుసార్లు నీళ్లు చేర్చేది.

"ఎన్నాళ్లు పరాయి గడ్డి మీద బతుకుతాం ప్రభూ?" అంది కార్యదర్శి నక్క. "మన ఇప్పపువ్వు పులియబెట్టి ప్రతి మోపులో ఐదో వంతు కలుపుదాం. కొనే గడ్డి ఐదో వంతు తగ్గుతుంది."

"గాడిదలకు పడుతుందా?" అడిగింది సింహం.

"పరీక్షించాం ప్రభూ. కొండ మీది నుంచి ఏటిదాకా ఒక్కసారి కూడా ఆగలేదు."

ఎక్కేటప్పటి సంగతి ఎవరూ అడగలేదు.

పథకం మొదలైంది. ఐదుసార్లు ఎక్కే గాడిదలు నాలుగుసార్లకే చతికిలబడ్డాయి. ముసలి గాడిద బుగ్గయ్య లెక్క వేసుకున్నాడు. తిన్నగా నక్క దగ్గరికి వెళ్లాడు.

"అయ్యా, వంద ట్రిప్పులకు ఇదివరకు ఇరవై మోపులు. ఇప్పుడు పాతిక. అందులో మీ పువ్వు తీసేస్తే గడ్డి ఎంత?"

నక్క వేళ్లు మడిచింది. "ఇరవై."

"మరి తగ్గిందేంటి?"

"నీ వయసైతే తగ్గలేదు!" కసిరింది నక్క. "మేత కొత్తది, నువ్వు పాతవాడివి. ఉత్సవం నాడు ప్రభువుని నువ్వే కొండెక్కించు. మధ్యలో ఆగావో, తుక్కు కింద దుమ్ములగొండి దొడ్డికి పోతావు."

ఉత్సవం రోజు సింహాన్ని మోస్తూ బుగ్గయ్య సగం కొండ ఎక్కాడు. ఆగాడు. పది అడుగులు వెనక్కి జారాడు.

"వెనక్కి పోతున్నాడేంటి?" అరిచింది సింహం.

"నడిచిన దూరం దూరమే కదా ప్రభూ, మైలేజీలో కలిపేద్దాం!" అంది పక్కనే నడుస్తున్న నక్క.

దారి పక్కన దుమ్ములగొండి మూతి నాక్కుంది.

బుగ్గయ్య రొప్పుతూ అన్నాడు. "నేను పాతవాణ్ణే ప్రభూ. కార్యదర్శిగారు పడుచువారు. అదే మేత తిని మిగతా కొండ వారినే ఎక్కమనండి. ఎక్కితే దొడ్డికి నేనే నడిచిపోతాను."

"తిను," అంది సింహం.

నక్క కళ్లు మూసుకుని మోపంతా మింగింది. మూడడుగులు వేసి కూలబడింది. కాసేపటికి మత్తెక్కి పకపకా నవ్వడం మొదలుపెట్టింది.

"ఇప్పతోటలన్నీ మా ఎలుగుబావవే ప్రభూ! పరీక్ష చేసిందీ ఆయనే!"

"అంటే నన్నే మోసం చేశావా?"

"మోసమా? మరి రోజూ మీ గుహకొచ్చే తేనెకుండ ఎక్కడిదనుకున్నారు?"

సింహం బుగ్గయ్య మీది నుంచి దిగి, మిగతా కొండ నడిచే ఎక్కింది.

మర్నాడు రెండు ఉత్తర్వులు వచ్చాయి. బుగ్గయ్య తుక్కు కాదు, రాజవాహనం. నోరు మెదపనన్నాళ్లూ అతనికి కలపని గడ్డే. రెండోది: పథకం యథాతథం, అధికారులు మాత్రం ఇప్పపువ్వు ముట్టరాదు.

నీతి: పులిసిన మేత మోసేవాడికే పెట్టాలి, పథకం వేసినవాడికి పెడితే నిజం ఆగదు.