ఇంట్లో ఉన్నట్టా, పెరట్లో ఉన్నట్టా?

చేయవలసిన పనులు: వృద్ధాశ్రమం ఉతుకుల్లో కలిసిపోకుండా మావిస్ పెద్దమ్మ గౌన్లన్నిటికీ పేరు కుట్టాలి. కోళ్ళను పక్కింటివాళ్ళకు అప్పగించాలి. కట్టుడుపళ్ళ డబ్బా మరిచిపోకూడదు. యాభై రెండేళ్ళుగా ఆమె ఉంటున్న ఇల్లు అసలు ఇల్లేనా అన్నది తేల్చాలి.

మొదటి మూడూ ఒక్క పూటలో అయిపోయాయి.

పాఠకులారా, వృద్ధాశ్రమంలో చేరేవాళ్ళ ఆస్తుల మదింపు ఒక వరం! నవ్వకండి. ఆస్ట్రేలియాలోని మా పోర్ట్ పిరీ ఊరి బంధువర్గంలో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేనే. అందుకే అందరి ఫారాలూ నా నెత్తినే పడతాయి. ఈ మదింపు ఫారాన్ని మూడుసార్లు చదివాను. డిగ్రీకి కూడా అంత చదవలేదు!

ఇల్లంటే ఏమిటి? గోడలు, కప్పు, వెనక నిమ్మచెట్టు అనుకున్నాం. అమాయకులం! మనిషి అందులో ఉన్నంతసేపే అది ఇల్లు. ఆశ్రమం గడప తొక్కగానే ఫీజు లెక్కలోకి వచ్చే ఆస్తి. భర్త ఇంకా అందులోనే ఉంటే మళ్ళీ ఇల్లు. పెదనాన్న ముందుచూపు లేక తొమ్మిదేళ్ళ క్రితమే పోయారు.

ఇంకో దారి ఉంది. సర్కారు పింఛనుతో బతుకుతూ, రెండేళ్ళుగా అదే ఇంట్లో ఉండి ఆమెను చూసుకుంటున్న మనిషి ఉంటే ఇల్లు లెక్కలోకి రాదు. ఉన్నాడు కదా, పెద్దమ్మ తమ్ముడు క్లైవ్ మామయ్య! మూడేళ్ళ క్రితం కారు వెనక తగిలించే తన కారవాన్ గదిని ఈడ్చుకొచ్చి పెరట్లో దిగాడు. వంట, మందులు, అక్క చేత తిట్లు తినడం, అన్నీ ఆయనే.

పెద్దమ్మ తుంటి విరిగి ఆస్పత్రిలో ఉండగా మదింపు అధికారిణి ఫోన్ చేసింది.

"మీతోపాటు ఇంట్లో ఎవరుంటారండీ?"

"ఎవరూ ఉండరమ్మా. నా ఇల్లు నేనే చూసుకుంటా."

"మరి మీ తమ్ముడు?"

"వాడా! వాడి గురకకు కిటికీ అద్దాలు ఊడతాయి. బయట పడేశా!"

పక్కనే ఉన్న మామయ్య పడీపడీ నవ్వాడు. "తుంటి విరిగినా నోరు విరగలేదే అక్కా నీకు!"

నేను నవ్వలేదు. ఫారం చదివింది నేనొక్కదాన్నే మరి.

సంతోషించండి! ఒకరి సాయంతో బతుకుతున్నామని మా ఊళ్ళో చచ్చినా ఒప్పుకోరు. ఆ పౌరుషాన్ని ఇంత శ్రద్ధగా రాసుకున్న ఆఫీసు ఇంకెక్కడైనా ఉందా? కారవాన్‌కు చక్రాలున్నాయి కాబట్టి అది ఇల్లు కాదట, అందులో ఉన్న మామయ్య ఇంట్లో ఉన్నట్టు కాదట. చక్రాల్లేని ఇల్లేమో మా చేతుల్లోంచి వెళ్ళిపోతోంది. ఆశ్రమం గది ఖర్చు కోసం దాన్ని అమ్మాలి. పెరడూ దాంతోనే పోతుంది. అరవై ఎనిమిదేళ్ళ మామయ్య ఆ కారవాన్ ఎక్కడ పెట్టుకోవాలి? ఆ గడి ఫారంలో లేదు.

మళ్ళీ పరిశీలించమని రాశాను. రుజువులు పంపమన్నారు. ఆయన పేరిట బిల్లులు లేవు. ఉన్నదొక్క తాడు. పెద్దమ్మ మంచం కోడు నుంచి కిటికీ గుండా కారవాన్ దాకా. చివర మేకులు పోసిన బిస్కెట్ల డబ్బా. ఆమె లాగితే డబ్బా మోగేది, ఈయన చెప్పుల్లేకుండా పరుగెత్తేవాడు. ఆమె ఆశ్రమానికి వెళ్ళి నెలైంది. తాడు విప్పమంటే "ఉండనీ అమ్మాయ్, అదేమన్నా తిండి అడుగుతోందా?" అంటాడు.

ఫొటో తీసి పంపాను. జవాబు రాలేదు.

పాఠకులారా, ఏదో ఒక రోజు ఈ ఫారం మీ ఇంటికీ వస్తుంది. "ఇంట్లో ఎవరుంటారు?" అన్న ప్రశ్న దగ్గర ఒక్క క్షణం పెన్ను ఆపి, మా క్లైవ్ మామయ్యను తలుచుకోండి.