కంపే సాక్షి

శుక్రవారం పొద్దున ఫవాజ్ పెట్టుకున్న పని ఒక్కటే. మధ్యాహ్నం నమాజు కాగానే హాజీ మటర్‌ను కారెక్కించుకుని ముహర్రక్ దీవిలోని తమ ఇంటికి భోజనానికి తీసుకురావాలి. హాజీ కూతురు లుల్వాను తనకిమ్మని ఫవాజ్ ఎప్పుడో అడిగాడు. "మీ ఇంట్లో అన్నం తిన్నాక చెబుతా" అన్నాడు పెద్దాయన. కంటి ఆపరేషన్ అయ్యాక ఆయన బండి నడపడం మానేశాడు కాబట్టి, ఆ సేవాభాగ్యం కాబోయే అల్లుడికే దక్కింది.

చిక్కల్లా కారు ఏసీతో. అది వేస్తే చాలు, తడి గోనెసంచి కింద ఎలుక చచ్చినట్టు గుప్పుమంటోంది. ఆగస్టులో ఆ సముద్రపు ఉక్కకి గోడలే బూజు పడతాయి, ఏసీ ఎంత! ఫిల్టరు తీసి పారేయమని ఆఫీసులో ఎవరో చెప్పారు గానీ ఫవాజ్ చెవికెక్కలేదు. ఆ వీధిలో మర్యాదస్తులెవరూ కంపును కడగరు. దాని మీద అత్తరు పోసి, పోయిందనుకుంటారు.

"అమ్మా, కారు కంపు కొడుతోందే! ఆయన ముక్కు మూసుకుంటే నా పెళ్లి గోవిందా!"

"దానికింత గాభరా దేనికిరా? ఊదు వేస్తే సరి" అంది తల్లి హెస్సా.

ఆమె ధూపదాని తెచ్చి కారులో పెట్టి, అద్దాలు బిగించి, ఏసీ పూర్తిగా తిప్పింది. చాలలేదనిపించి ఫవాజ్ చెల్లెలు వచ్చి ఏసీ రంధ్రాల్లోకి అత్తరు కొట్టింది. పక్కింటావిడ గోడ మీంచి చూసి, "ఆ నాసిరకం ఊదుతో పెళ్లి కుదుర్చుకుంటారా?" అని తన కూతురి పెళ్లికి దాచిన మేలిరకం ఊదుచెక్క ముక్క తెచ్చిచ్చింది. అంతటితో ఊరుకున్నా బాగుండేది. దారిలో వాసన తగ్గిపోతుందేమోనని, కొడుక్కి చెప్పకుండా, నిప్పులతో సహా చిన్న ధూపదానినొకదాన్ని ముందు సీటు కింద పెట్టేసింది హెస్సా. కన్నతల్లి ప్రేమ అలాంటిది, కొంప అంటుకున్నా ఆగదు.

హాజీ మటర్ ఇస్త్రీ చేసిన తెల్లటి అంగీలో వచ్చి కూర్చున్నాడు. ఆయన ముగ్గురు తమ్ముళ్లూ వెనక ఇంకో బండిలో బయల్దేరారు. వంతెన దాటుతుండగా పెద్దాయన కాళ్ల మధ్య నుంచి పొగ లేచి, అంగీలోంచి గడ్డం దాకా పాకింది. ఆయన మొహం మాడిపోయింది.

మాడదూ మరి! ఆ ఊళ్లో విందు ముగిసి, కాఫీలు కూడా అయిపోయాక, చిట్టచివర తిప్పుతారు ఊదు ధూపం. దాన్ని బట్టలకు పట్టించుకుని అతిథి లేవాలి. ఇక వెళ్లిరండని నోటితో అనలేక పొగతో అనడమన్నమాట.

"ఏమిటబ్బాయ్, ఇప్పుడే వేశావు?" అన్నాడు హాజీ మెల్లగా.

ఫవాజ్ మురిసిపోయాడు. "మీకోసమే మామయ్యా! ఇంకా పెంచనా?" అంటూ ఏసీ ఇంకాస్త తిప్పాడు. పొగ కారంతా కమ్ముకుంది.

"అంత తొందరగా ఉందా నీకు?"

"పొద్దుట్నుంచీ దీని కోసమే తంటాలు పడ్డాం మామయ్యా, ఇంటిల్లిపాదీ!"

అప్పుడే కారు స్పీకర్లో ఫోను మోగి హెస్సా గొంతు ఖంగుమంది. "ఒరే, పనయిందా? ముసలాయన కనిపెట్టలేదు కదా?"

"బండి ఆపు" అన్నాడు హాజీ మటర్.

రోడ్డు పక్కన ఎండలో దిగి నిలబడ్డాడు. వెనక బండి కీచుమని ఆగింది, తమ్ముళ్లు ముగ్గురూ దూకారు. అన్న అంగీలోంచి ఇంకా లేస్తున్న ఊదు పొగ చూడగానే వాళ్లకు సంగతి అర్థమైపోయింది. "మా అన్నని ఇంటి గడప తొక్కకుండానే సాగనంపుతావట్రా? మా పిల్లకి సంబంధాలు దొరకవనుకున్నావా?" అని నడిపివాడు మీదమీదకొచ్చాడు.

ఫవాజ్ హాజీ చేతులు పట్టుకున్నాడు. పరువు పోతే పోనీ, లుల్వా దక్కాలి. "అయ్యయ్యో, మిమ్మల్ని పొమ్మనలేదు మామయ్యా! నా కారు కంపు కొడుతుంది. చచ్చే కంపు! దాన్ని దాచడానికి ఊదు వేశామంతే!"

"ఏదీ, ఆ కంపు చూపించు" అన్నాడు హాజీ.

ధూపదాని బయటికి తీసి, అద్దాలు దించి, పొగంతా పోయాక మళ్లీ బిగించి ఏసీ వేశాడు ఫవాజ్. అన్నదమ్ములు నలుగురూ లోపల కూర్చుని గట్టిగా ఊపిరి పీల్చారు. స్వచ్ఛమైన, ఖరీదైన ఊదు వాసన.

"ఘుమఘుమలాడుతోంది" అన్నాడు చిన్న తమ్ముడు జాలిగా.

"ఇంకొక్కసారి పీల్చండి బాబాయ్, మీ కాళ్లు పట్టుకుంటా! అడుగున ఉంటుంది!"

"అబద్ధాలకోరు" అని తేల్చేశాడు నడిపివాడు. హాజీ మటర్ తమ్ముడి బండి తలుపు మీద చెయ్యి వేశాడు.

ఫవాజ్‌కి ఏడుపొచ్చింది. పొద్దుట్నుంచీ పొమ్మని మొక్కిన కంపును ఇప్పుడు రమ్మని మొక్కుతున్నాడు. చివరికి తెగించి, సామాన్లు పెట్టుకునే అరను డాష్‌బోర్డులోంచి ఊడబీకి, మోచేతి దాకా లోపలికి దూర్చి ఫిల్టరు లాగాడు. నల్లగా, బూజు బొచ్చుతో, చెమ్మ కారుతూ వచ్చిందది. పరుగున తీసుకెళ్లి హాజీ ముక్కు కింద పెట్టాడు.

పెద్దాయన రెండడుగులు వెనక్కి వేసి తలగుడ్డ నోట్లో కుక్కుకున్నాడు. నడిపి తమ్ముడు రోడ్డు పక్కకు పరిగెత్తాడు. చిన్నవాడు దేవుడి పేరు తలుచుకున్నాడు.

"ఇంత కంపులోనా నన్ను ఎక్కించుకున్నావు?"

"అవును మామయ్యా" అన్నాడు ఫవాజ్, నిండు సంతోషంతో.

హాజీ మటర్ కళ్లు తుడుచుకుని చాలాసేపు దగ్గాడు. "అయితే నన్ను అవమానించలేదన్నమాట. అన్నం తినేదాకా ఆగడమెందుకు, ఇప్పుడే చెబుతున్నా. పిల్లనిస్తా. ముందు దాన్ని అవతల పారెయ్, నాయనా!"

అలా అల్లుడు నచ్చిన హాజీ మటర్, కారు నచ్చక, తమ్ముడి బండిలో భోజనానికి వెళ్లాడు.