భుజం జారినవాడే భాగ్యవంతుడు

పక్కింటి వదిన మా ఆవిడతో అందట: "మీ ఆయన భుజం చిత్రమైందమ్మా. గ్యాస్ సిలిండర్‌ని చూస్తే జారుతుంది, పేకముక్కల్ని చూస్తే అతుక్కుంటుంది." ఈ మాట నాలుగిళ్ళు తిరిగి నా చెవిన పడింది. నేను కోప్పడలేదు. ఓర్వలేనివాళ్ళు అలాగే అంటారు.

పాఠకులారా, గుండె మీద చెయ్యేసుకుని (చెయ్యి లేస్తేనే సుమండీ) చెప్పండి. మనిషికి జారే భుజాన్ని మించిన ఆస్తి ఏముంది?

వాలీబాల్ ఆడేటప్పుడు మాటిమాటికీ నా భుజం జారుతుంటే, డాక్టరుగారు చిన్న చిన్న కన్నాలు పెట్టి, లోపలికి కెమెరా దింపి, తెగినదాన్ని కుట్టేశారు. పెద్ద కోత లేదు. అదొక్కటే నాకు నచ్చలేదు. గోరంత మచ్చలు చూపించి కొండంత బాధ చెప్పుకోవాలంటే ఎంత నేర్పు కావాలి!

"ఆర్నెల్లు బరువులు ఎత్తకండి" అన్నారాయన. వైద్యుడి మాట వేదవాక్కు. అంతటి మాటను ఆర్నెల్లకే వదిలేస్తే మర్యాదా? పదేళ్ళుగా పాటిస్తున్నాను!

ఇల్లు మారినప్పుడు చెయ్యి వేలాడదీసే పాత స్లింగ్ వెతికి మెడకు తగిలించుకున్నాను. బీరువా ఎటు తిప్పాలో, పరుపు ఎలా వంచాలో గుమ్మంలో నిలబడి నోటితోనే చెప్పాను. అటు పట్టింది బావమరిది, ఇటు పట్టింది మా ఆవిడ. మంచినీళ్ళ క్యాను ఎత్తడం, అటక మీది ట్రంకుపెట్టె దించడం, మంచాన పడ్డ మా అమ్మను లేపి కూర్చోబెట్టడం, అన్నీ ఆవిడే. ఆవిడవి కుట్లు లేని చేతులు మరి. వాడకపోతే తుప్పు పట్టవూ?

మొన్న ఆసుపత్రివాళ్ళు కబురు పెట్టారు. పదేళ్ళ కిందట కుట్టిన భుజాలు ఇప్పుడెలా ఉన్నాయో చూస్తున్నారట. చొక్కా విప్పించి, చెయ్యెత్తమన్నారు. పొగడ్త నా బలహీనత. డాక్టరుగారు "శభాష్" అనేసరికి కప్పు తగిలేలా ఎత్తాను, గిరగిరా తిప్పాను.

"ఇంత గట్టి భుజం నేను చూళ్ళేదండీ. ఆపరేషన్ సక్సెస్" అన్నారాయన. ఆ ఊపులో, మా ఆవిడ పక్కనే ఉన్న సంగతి మరిచాను.

ఆవిడ కొక్కేనికున్న నా చొక్కా అలవాటుగా అందుకోబోయింది. కుడిచెయ్యి చెవి దాకా వెళ్ళి ఆగిపోయింది. ఎడమచేత్తో ఆ మోచేతిని పైకి నెట్టి, చొక్కా తీసింది.

డాక్టరుగారు నన్ను వదిలి అటు తిరిగారు. "ఎప్పట్నుంచమ్మా ఇలా?"

చొక్కా నా ఒళ్ళో పడేసి చెప్పింది:

"ఈయన ఆపరేషన్ సక్సెస్ అయినప్పట్నుంచి."