వన్యప్రాణుల పేజీ

“గాలి, నీరు, నేల ఉన్నంతకాలం పర్యావరణ శాస్త్రం చదివినవాళ్ళకు ఉద్యోగాలకు కరువు లేదు!” అని యూనివర్సిటీ వీడ్కోలు సభలో ప్రొఫెసరు గారు గర్జించారు. గాలి, నీరు, నేల ఎక్కడికీ పోలేదు. ఆ మాట నమ్మిన ఒకమ్మాయికి ఉద్యోగమే ఏడాదిన్నర దాకా కనిపించలేదు! ఈలోగా ఆమెకు పెళ్ళయింది. పెళ్ళయిన పదకొండో రోజున ఉద్యోగమూ వచ్చింది.

అదొక పర్యావరణ సలహా సంస్థ. ఎవరైనా ఫ్యాక్టరీ కడతామంటే, చుట్టుపక్కల ఎవరికీ నష్టం లేదని నివేదిక రాసివ్వడం దాని పని. చుట్టుపక్కలకు వెళ్ళి చూడటం మాత్రం దాని పని కాదు. పాత నివేదిక తెరిచి, ఫ్యాక్టరీ పేరు మార్చి, కొత్త అట్ట వేయడమే! ఆ పద్ధతిలో కొండమీది సున్నపురాయి గని పక్కన కూడా సముద్రపు తాబేళ్ళు క్షేమంగా ఉన్నాయి.

రెండో వారంలో ఆమె ముందుకు రంగుల ఫ్యాక్టరీ ఫైలు వచ్చింది. పటం చూసి ఉలిక్కిపడింది. పొగగొట్టం లేచేది సరిగ్గా వాళ్ళింటి వెనక ఖాళీ జాగాలో! ఆ వైపు బాల్కనీ చూసే కదా ఆ ఇల్లు అద్దెకు తీసుకున్నది! అందులో ఒక్క కుర్చీయే పడుతుంది. అందుకు మొగుడూ పెళ్ళాలకు ఏ బెంగా లేదు.

పరుగున డైరెక్టరు గారి గదికి వెళ్ళింది.

“సార్, మొదటి పేజీలో రెండు కిలోమీటర్ల లోపు మనుషులెవరూ లేరని ఉందండీ. మా ఇల్లు అక్కడే సార్!”

“సొంతిల్లా?”

“అద్దె సార్.”

“హమ్మయ్య! అయితే ఇల్లు మారిపోమ్మా. నివేదిక మార్చడం కంటే అదే సులువు.”

“మా వీధిలో నాలుగొందల కొంపలున్నాయి సార్!”

“మనుషుల పేజీ ఎవరు చదువుతారమ్మా! పైవాళ్ళు చదివేది వన్యప్రాణుల పేజీ ఒక్కటే. ఒక్క పిట్ట గూడు కనబడిందా, ఫైలు అక్కడే ఆగిపోతుంది. సాయంత్రానికి సంతకం పెట్టు. లేదంటే రేపట్నుంచి రానక్కర్లేదు.”

సంతకం పెడితే బాల్కనీ పోతుంది. పెట్టకపోతే ఉద్యోగం పోతుంది. ఆమె కాసేపు పెన్ను కొరికింది. మనుషులే లేని చోట తానూ తన మొగుడూ ఏమైనట్టు? శాస్త్రం చదివిన బుర్ర కదా, జవాబు తట్టింది! వన్యప్రాణుల పేజీ తెరిచి, ఒక్క అబద్ధమూ లేకుండా రాసింది:

“నేల నుంచి ముప్పై అడుగుల ఎత్తున ఒక జంట ఇటీవలే గూడు కట్టుకున్నది. పొద్దున్నే కిచకిచలాడును. ఒకదాని నోటికి మరొకటి ఆహారమందించును. పొగ బొత్తిగా పడదు. మొదటి పేజీని బట్టి చూడగా, ఈ జాతి ఇక్కడ దాదాపు అంతరించినది.”

డైరెక్టరు గారు అలవాటు ప్రకారం చదవకుండానే తన సంతకమూ గీకేశారు.

నెల తిరక్కుండా ఫ్యాక్టరీకి అనుమతి నిరాకరణ!

“నా కొంప ముంచావు కదమ్మా!” అని ఆయన అంతెత్తున లేచారు. ఇంతలో ఫోను మోగింది. అరుదైన జాతిని కాపాడినందుకు ఆయనకు పతకమట! ఫోను పెట్టేసే సరికి గొంతే మారిపోయింది. “ఆ పేజీ నేనే రాశాను, గుర్తుంచుకో” అన్నారు.

పతకం ఇచ్చే సభకు ఆమె మొగుణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళింది. విలేకరి ఒకరు లేచి, “ఆ జంటను మీరు కళ్ళారా చూశారా సార్?” అని అడిగారు.

“చూడటమేమిటండీ! నెల రోజులు చెట్టెక్కి కూర్చున్నాను! ఆడది గోధుమరంగు, మహా బిడియం. మగదానికి నీలం రెక్కలు, జానెడు తోక!”

హాలంతా చప్పట్లు. వెనక వరుసలో మొగుడు ఆమె చెవి దగ్గరికి వంగి, గాభరాగా అడిగాడు:

“ఏమోయ్, నా తోక సంగతి మీ సార్‌కి ఎవరు చెప్పారు?”