మంత్రిగారిని పెంచి పెద్ద చేసిన కేసు

రాజకీయాల్లోకి రావాలని ఉబలాటపడే యువకులారా, ముందు ఒక మంచి కేసు సంపాదించుకోండి. ఖద్దరు తర్వాత కుట్టించుకోవచ్చు. నా మాట మీద నమ్మకం లేకపోతే మా వెంకటకృష్ణయ్య గారిని చూడండి!

ఎనభైల మొదట్లో ఆయన్ని బాపట్లలో ఎవరు పట్టించుకున్నారు? సహకార సంఘం ఎన్నికల్లోనే ఓడిపోయిన మనిషి. అలాంటిది, రేపల్లె అవతల ఒక పాలెంలో చర్చి మైకు మీద గొడవ మొదలైతే, రెండు ట్రాక్టర్ల జనాన్ని వెంటేసుకుని వెళ్లారు. చర్చి కాలింది. ఇళ్లు కాలాయి. ఆ పాలెంలోనే ఉండే సుందరమ్మ కళ్లెదురుగానే ఆమె కొడుకు యోబును కొట్టి చంపారు. పోలీసులు వెంకటకృష్ణయ్య గారిని ఒకటో ముద్దాయిగా రాసుకున్నారు.

అంతే, దశ తిరిగింది! బెయిలు మీద వచ్చిన రోజున మేళతాళాలతో ఊరేగించారు. మరుసటి ఎన్నికల్లో ఒకటో ముద్దాయి కాస్తా ఎమ్మెల్యే అయ్యారు. కేసు వాయిదా పడుతూనే ఉంది, ఆయన ఎదుగుతూనే ఉన్నారు. జడ్జీలు మారారు, ఆయన పార్టీలు మారారు, కేసు మాత్రం ఉన్నచోటే ఉంది. కట్టుకున్న భార్యయినా ఇంత ఓపికగా ఉంటుందా చెప్పండి?

అంతటితో ఆగలేదు. ఒక క్రిస్మస్‌కి ఆయన అదే పాలేనికి వెళ్లి, కొత్తగా కట్టుకున్న చర్చిలో కేకు కోశారు. పాస్టరు అబ్రహాము గారు ఇబ్బందిపడుతూనే సుందరమ్మను ముందుకు పిలిచారు. ఆమె చాలాసేపు తలవంచుకుని ప్రార్థన చేసుకుంది. తర్వాత, "క్షమించాను" అంది. ఫొటో తీశారు.

ఆ ఒక్క మాటతో కేసు గెలిచేయవచ్చని ఆయన ప్లీడరు నరసింహారావు గారికి తోచింది. తొంభైలు వచ్చాక ఎట్టకేలకు తెనాలి కోర్టులో సుందరమ్మ బోనెక్కింది. మిగతా సాక్షులంతా అప్పటికే చూడలేదనేశారు. కొడుకు తరఫున చెప్పడానికి ఇక ఆమె ఒక్కతే ఉంది.

"ఈయన్ని క్షమించానని చర్చిలో అందరి ముందూ అన్నావా, లేదా?" అన్నారు ప్లీడరు.

"అన్నానండి."

"అంటే ఈయన తప్పేమీ లేదనేగా?"

"చేశాడు గాబట్టే క్షమించానండి. చెయ్యనోణ్ణి క్షమించడం దేనికండి?"

జడ్జిగారు ఆ మాట పొల్లు పోకుండా రాయించారు. ప్లీడరు గారు వాయిదా అడిగారు.

వాయిదా వచ్చేలోపే ఎన్నికలు వచ్చాయి. మన ముద్దాయి ఈసారి మంత్రి అయ్యారు. శాంతి సామరస్యాల దృష్ట్యా కేసు ఉపసంహరించుకుంటున్నామని ప్రభుత్వం చెప్పింది, కోర్టు సరేనంది. ఎంత పెద్ద మనసు! నేనైతే పొంగిపోయాను.

ఆ సాయంత్రం తెనాలి బస్టాండులో రేపల్లె బస్సు కోసం కూర్చున్న సుందరమ్మ కనిపిస్తే, ఆ సంతోషం ఆమెతోనూ పంచుకోబోయాను. "ఇంకేంటమ్మా, నువ్వు క్షమించావు, గవర్నమెంటు కూడా క్షమించింది" అన్నాను.

ఆమె సంచి ఒళ్లోకి లాక్కుని నా వైపు చూసింది.

"నా బిడ్డ పోయాడు బాబూ, నేను క్షమించాను. ఆళ్లకి ఎవరు పోయారని క్షమించారు?"