క్యాంపు పిల్లలది, గుడారం పెద్దలది

పిల్లల క్యాంపుకి తల్లిదండ్రులు వెళ్ళకూడదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను! వెళ్ళి తీరాలి. లేకపోతే మూడో తరగతి పిల్లలకి స్వావలంబన ఎవరు నేర్పుతారండీ?

మా మగెలాంగ్ ఊళ్ళో ఏటా ఒక శని, ఆదివారం స్కౌట్ క్యాంపు. గుడారం పిల్లలే వేసుకోవాలి, అన్నం పిల్లలే వండుకోవాలి. కాగితం మీద అలాగే ఉంది. కానీ ఎనిమిదేళ్ళవాళ్ళు వేసిన గుడారం వంకరగా ఉంటుంది. వంకర గుడారానికి 'చక్కని గుడారం' బహుమతి ఎవరిస్తారు?

మా అమ్మాయి లింతాంగ్ నెల్లాళ్ళు కుర్చీ కాలికి తాడు కట్టి ముడులు ప్రాక్టీసు చేసింది. నాకూ నేర్పింది, పాపం. "గుడారం మూలతాడు నేనే కడతా నాన్నా. నువ్వు ముట్టుకోకు" అని మాట తీసుకుంది. ఇచ్చాను. ఇవ్వడానికేం?

శనివారం పొద్దున్నే నలుగురు తండ్రులం మైదానంలో దిగాం. హార్జో గారు రసమట్టం కూడా తెచ్చారు! గంటలో గుడారం లేచింది. మూలతాడు నేనే కట్టాను. మా ఆవిడ ఇస్త్రీ దుప్పట్లు పరిచింది. అన్నం, సోయాగింజల టెంపే వేపుడు క్యారియర్లలో వచ్చాయి. పొయ్యి వెలిగిస్తే గుడారానికి మసి పట్టదూ?

ఇక అడ్డంగా మిగిలింది పిల్లలు. లోపలికెళ్తే దుప్పట్లు నలుగుతాయని నలుగుర్నీ ఎండలో వరసగా కూర్చోబెట్టాం.

"అమ్మా, ఒక్కసారి లోపలికెళ్ళొస్తానే" అంది లింతాంగ్.

"మీ టీచరు లారస్ అక్క మార్కులేసి వెళ్ళాక వెళ్దువుగానిలే. కదిలావంటే చూడు!"

ప్రకృతి ఒడిలో క్రమశిక్షణ అంటే ఇదీ!

మధ్యాహ్నం స్కౌట్ టీచరు లారస్ వచ్చింది. మూలతాడు లాగి చూసి, "ఎవరు కట్టారర్రా?" అంది. 'మేమే' అనాలని పిల్లలకి వందసార్లు వల్లె వేయించాం. ముగ్గురు అన్నారు కూడా.

"మా నాన్న కట్టాడక్కా" అంది లింతాంగ్. "తప్పుగా కట్టాడు. వానొస్తే జారిపోద్ది. నేను విప్పి కట్టనా?"

లారస్ "కట్టమ్మా" అన్నదో లేదో, హార్జో గారు ఒక్క ఉదుటున వచ్చి తనే విప్పి కట్టేశారు. తాడు కోసం చాచిన పిల్ల చేతులు అలాగే ఉండిపోయాయి. అప్పుడు మాత్రం నాకు నిజంగా సిగ్గేసింది.

బహుమతి పోయింది. "ఇంత కష్టపడితే కాస్త నోరు మూసుకోలేకపోయావా?" అని మా ఆవిడ దార్లో పిల్లని ఒకటే సాధింపు.

అందుకే పేరెంట్స్ మీటింగులో నేనో ప్రతిపాదన పెట్టాను. వచ్చే ఏడాది క్యాంపుకి మేమే వెళ్తాం. పిల్లలు ఇంట్లో ఉంటారు. చప్పట్లే చప్పట్లు!

ఇంటికొచ్చి ఆ మాట చెబితే లింతాంగ్ ఏడవలేదు. తన తాడు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"అయితే కుర్చీ దగ్గరికి రా నాన్నా. నీకింకా ముడి రాలేదు."